సూర్యకిరణ్ గొప్పా, బ్లూ ఏంజిల్స్ గొప్పా అని అడిగిన కావలి తమ్ముడికి

కావలి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. 2024 అక్టోబరు 6న చెన్నై మెరీనాలో మన ఎయిర్‌ఫోర్స్ విన్యాసాల టీము సూర్యకిరణ్ ఎగిరిన ఎయిర్ షో చూసొచ్చాడు. ఇంటికొచ్చాక అమెరికా బ్లూ ఏంజిల్స్, బ్రిటన్ రెడ్ ఆరోస్, రష్యన్ నైట్స్ వీడియోలు వరసబెట్టి చూశాడు. "మనవాళ్లు చిన్న ట్రైనర్ విమానాలతో చేస్తున్నారు, అమెరికావాళ్లు అసలు ఫైటర్లతోనే చేస్తున్నారు, అంటే మనం వెనకబడినట్టేనా అన్నా? వీటన్నిట్లో ఏది బెస్ట్?" అని అడుగుతున్నాడు.

నాది సింగరాయకొండ పక్కన ఊరు. ఎయిర్‌ఫోర్స్‌లో 20 ఏళ్లు ఎయిర్‌ఫ్రేమ్ పని చేసి సార్జెంట్‌గా బయటికొచ్చాను. పైలట్‌ని కాదు. విమానం దిగాక రెక్కల కింద దూరి, ఎక్కడ పగులుందో, ఎక్కడ నూనె కారుతోందో చూసే పని నాది. బీదర్‌లో కొన్నేళ్లు ఉన్నాను కాబట్టి ఆ టీము మొదట్లో నడిపిన కిరణ్ అనే ట్రైనర్ విమానం మీద చెయ్యి పెట్టినవాణ్ణే, సూర్యకిరణ్ వాళ్లు రోజూ పొద్దున్నే ప్రాక్టీసుకి లేవడం కళ్లారా చూసినవాణ్ణే. అందుకని కొంచెం పొడుగ్గా చెప్తాను, ఓపిగ్గా చదువు.

ముందు ఆ "చిన్న ట్రైనర్" అన్న మాట సంగతి చూద్దాం. మన వైపు బండలాగుడు పందేలు చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. రెండు పళ్ల గిత్తల్ని తీసుకెళ్లి ఆరు పళ్ల గిత్తల బండకి కట్టరు. ఏ విభాగానికి ఆ బండే, ఏ జతని ఆ జతతోనే చూస్తారు. ఎయిర్ షో టీముల్లో కూడా ఇలాగే విభాగాలున్నాయి, కాకపోతే ఎవరూ బోర్డు పెట్టి చెప్పరు. పైలట్లకి నేర్పడానికి చేసిన ట్రైనర్ జెట్లతో ఎగిరేవాళ్లు ఒక విభాగం: మన సూర్యకిరణ్, బ్రిటన్ రెడ్ ఆరోస్ హాక్ మీద, ఫ్రాన్స్ వాళ్లు ఆల్ఫా జెట్ మీద, జపాన్ బ్లూ ఇంపల్స్ టీ-4 మీద, కెనడా స్నోబర్డ్స్ ట్యూటర్ మీద. అసలు ఫైటర్లతో ఎగిరేవాళ్లు ఇంకో విభాగం: బ్లూ ఏంజిల్స్‌కి సూపర్ హార్నెట్, అమెరికా ఎయిర్‌ఫోర్స్ థండర్‌బర్డ్స్‌కి ఎఫ్-16, రష్యన్ నైట్స్‌కి సుఖోయ్. హెలికాప్టర్ల విభాగంలో మన సారంగ్ ఉంది. అందులో లెక్కపెట్టడానికి ప్రపంచం మొత్తం మీద చేతివేళ్లు చాలు.

ఇంత పెద్ద ఎయిర్‌ఫోర్స్‌లు ఉన్న దేశాలు కూడా ట్రైనర్లనే ఎందుకు పట్టుకున్నాయంటే డబ్బు ఒక కారణం, కాదనను, కానీ అసలు కారణం లెక్కలో ఉంది. విమానం లూప్ కొట్టేటప్పుడు ఎంత పెద్ద సున్నా చుడుతుందనేది దాని వేగాన్ని బట్టి ఉంటుంది, అదీ మామూలుగా కాదు, వేగం వర్గాన్ని బట్టి. గంటకు 540 కిలోమీటర్లు అంటే సెకనుకు 150 మీటర్లు. ఆ వేగంలో 4 జీ, అంటే ఒంటి బరువు నాలుగింతలయినంత గట్టిగా, లాగితే లూప్ అడుగున వ్యాసార్థం 750 మీటర్ల పైచిలుకు వస్తుంది. అదే 4 జీ గంటకు 720 కిలోమీటర్ల దగ్గర లాగితే 1,350 మీటర్లు దాటిపోతుంది. వేగం పెరిగింది మూడో వంతే, సున్నా మాత్రం దాదాపు రెండింతలయింది. ఎఫ్-16 ఒంటరిగా ఉన్నప్పుడు 9 జీ దాకా లాగి ఆ సున్నాని చిన్నది చేసుకోగలదు, కానీ రెక్క పక్కన రెక్క పెట్టుకుని పోయేటప్పుడు అంత గట్టిగా లాగరు. అందుకని ఫైటర్ల టీము ఒక విన్యాసం చేసి దూరంగా పోయి తిరిగి రావడానికి టైమ్ పడుతుంది. ఆ ఖాళీలో సోలో విమానాలు వచ్చి మన ముందు పెద్ద చప్పుడుతో దూసుకెళ్తాయి. బ్లూ ఏంజిల్స్ షో అంతా ఈ లెక్క మీదే నడుస్తుంది. నలుగురు డైమండ్, ఇద్దరు సోలో, ఒకళ్లు పోతే ఒకళ్లు. సూర్యకిరణ్, రెడ్ ఆరోస్ అయితే తొమ్మిది విమానాలూ నీ కళ్ల ముందు నుంచి పెద్దగా కదలవు, అక్కడే తిరిగి, అక్కడే ఆకారం మార్చుకుని, అక్కడే విడిపోతాయి. రెండూ వేరు వేరు పనులు.

చప్పుడు విషయంలో మాత్రం ఫైటర్‌తో ఎవరూ పోటీ పడలేరు. ఇది మన జిల్లావాళ్లు స్వయంగా విన్నదే. 2024 మార్చిలో కొరిశపాడు దగ్గర హైవే మీద ఎయిర్‌ఫోర్స్ ట్రయల్ రన్ జరిగినప్పుడు సుఖోయ్ కూడా వచ్చింది, హాక్ కూడా వచ్చింది. రెండూ కిందికొచ్చి రోడ్డుకి తగలకుండా మళ్లీ లేచాయి. హాక్ పోతే చెవికి ఈల వేసినట్టుంటుంది. సుఖోయ్ పోతే రొమ్ములో అదురుతుంది. ఫోన్ స్పీకర్‌లో నువ్వు విన్న బ్లూ ఏంజిల్స్ చప్పుడు అసలుదానిలో పదో వంతు కూడా కాదు, కాబట్టి చప్పుడు మార్కులు ఫైటర్లకే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఎయిర్ షోలో జనం అందరూ లీడర్ని చూస్తారు, ముందున్న విమానం కాబట్టి. నువ్వు చూడాల్సింది లీడర్ని కాదు, అందరికంటే చివర, అంచున ఉన్నవాణ్ణి. చిన్నప్పుడు మా కళ్లంలో వరి నూర్చేటప్పుడు ఎద్దుల్ని వరసగా కట్టి గుండ్రంగా తిప్పేవాళ్లు. లోపలి ఎద్దు ఉన్నచోటే అడుగులేస్తుంది. బయటి ఎద్దు అదే తాడుకి ఉండి, అదే టైములో ఎంతో ఎక్కువ దూరం నడవాలి. అందుకే మా తాత బయటి పక్క ఎప్పుడూ మంచి ఎద్దునే కట్టేవాడు. ఫార్మేషన్ మలుపు కూడా అచ్చంగా ఇదే. తొమ్మిది విమానాలు ఒంటి రెక్కలాగా ఎడమకి తిరిగితే కుడి అంచున ఉన్నవాడికి ఎక్కువ దూరం, ఎక్కువ పవర్ కావాలి. ఎడమ అంచువాడు పవర్ తగ్గించాలి, కానీ మరీ తగ్గిస్తే వెనకబడతాడు. మళ్లీ కుడికి తిరిగేసరికి ఇద్దరి పనీ తారుమారు. వీళ్లిద్దరూ లీడర్ విమానం మీద రెండు గుర్తులు పెట్టుకుని, ఆ రెండూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడేట్టు చూసుకుంటూ ఎగురుతారు, అంతే. నేల ఎక్కడుందో, ఆకాశం ఎక్కడుందో చూడరు. తలకిందులైనా సరే, లీడర్ రెక్క, దాని మీద ఆ గుర్తు. అవే వాళ్ల ప్రపంచం.

ఈ నమ్మకం ఎంత పెద్దదో 1982 జనవరి 18న తెలిసింది. థండర్‌బర్డ్స్ అప్పుడు టీ-38 ట్రైనర్ల మీద ఉండేవాళ్లు. నెవాడాలో ఇండియన్ స్ప్రింగ్స్ దగ్గర ప్రాక్టీసులో నలుగురు పక్కపక్కనే లూప్ కొట్టారు. కిందికి వచ్చేటప్పుడు లీడర్ విమానం కంట్రోల్‌లో ఇబ్బంది వచ్చి పైకి లేవలేకపోయింది. మిగతా ముగ్గురి కళ్లూ లీడర్ మీదే ఉన్నాయి. నలుగురూ ఒకేసారి నేలని తాకారు. ఆ తర్వాతే థండర్‌బర్డ్స్ ఎఫ్-16కి మారారు.

టీముల మధ్య తేడా చూడాలంటే ఇలాంటి చిన్న సంగతుల్లోనే చూడాలి. ఉదాహరణకి బ్లూ ఏంజిల్స్ జీ-సూట్ వేసుకోరు. జీ-సూట్ అంటే గట్టిగా లాగేటప్పుడు రక్తం కాళ్లలోకి దిగకుండా గాలితో ఉబ్బి తొడల్ని, పొట్టని నొక్కే డ్రెస్సు. సూపర్ హార్నెట్‌లో కంట్రోల్ స్టిక్ రెండు కాళ్ల మధ్య ఉంటుంది, పైలట్ చెయ్యి తొడ మీద ఆనించుకుంటాడు. సూట్ ఉబ్బితే ఆ చెయ్యి కదులుతుంది, చెయ్యి కదిలితే విమానం కదులుతుంది. పక్కవాడు 18 అంగుళాల దూరంలో ఉన్నప్పుడు ఆ కదలిక చాలు. అందుకని కాళ్లు, పొట్ట కండరాలు బిగబట్టి ఒంటి బలంతోనే తట్టుకుంటారు. పైగా ఆ స్టిక్‌కి ఒక స్ప్రింగ్ తగిలించి ఉంటుంది, అది సుమారు 18 కిలోల బలంతో ముక్కుని కిందికి తోస్తూనే ఉంటుంది, షో అంతా పైలట్ దాన్ని వెనక్కి లాగి పట్టుకునే ఉండాలి. ఎందుకంటే వదులుగా ఉన్న స్టిక్ కంటే బిగువుగా ఉన్న స్టిక్‌తో చిన్న సర్దుబాటు బాగా కుదురుతుంది. బండికి పగ్గం బిగువుగా పట్టుకున్నప్పుడే ఎద్దు మాట వింటుంది కదా, అలాగ. థండర్‌బర్డ్స్ మాత్రం జీ-సూట్ వేసుకుంటారు, ఎందుకంటే ఎఫ్-16లో స్టిక్ కుడి పక్కన ఉంటుంది, తొడతో సంబంధం లేదు. బయటినుంచి చూసేవాళ్లకి రెండూ అమెరికా టీములే, రెండూ ఆరు ఫైటర్లే, కానీ లోపల కూర్చున్నవాడి కష్టం అసలు ఒకటి కాదు. దగ్గరితనంలో నా ఓటు బ్లూ ఏంజిల్స్‌కే, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. ఖాళీ బరువే 14 టన్నులు దాటిన విమానాన్ని అంత దగ్గరగా పెట్టడం వేరే ఎవరూ చెయ్యట్లేదు. హాక్ ఖాళీ బరువు నాలుగున్నర టన్నులు.

రెడ్ ఆరోస్ గురించి చెప్పేటప్పుడు మనవాళ్లు మర్చిపోయే విషయం ఒకటుంది. 1964లో ఆ టీము పుట్టినప్పుడు వాళ్లు ఎగిరింది నాట్ అనే చిన్న జెట్ ట్రైనర్ రకం మీద. అదే నాట్ ఫైటర్ రకంతో మన ఎయిర్‌ఫోర్స్ 1965 యుద్ధంలో పాకిస్తాన్ సేబర్ ఫైటర్లని కూల్చింది. ఆ తర్వాత వాళ్లు 1980 నుంచి హాక్ మీదికి వచ్చారు. మనం సూర్యకిరణ్‌ని 1996లో కిరణ్ మార్క్-2 మీద మొదలుపెట్టి, 2015లో హాక్ మీదికి వచ్చాం. మన హాక్ వాళ్ల హాక్ కంటే కొత్త రకం, మార్క్ 132, బెంగళూరులో హెచ్ఏఎల్ చేసింది. కాబట్టి "చిన్న ట్రైనర్" అని నువ్వు అన్న విమానం విషయంలో మనవాళ్లది కొంచెం పైచెయ్యే. రెడ్ ఆరోస్ గొప్పతనం విమానంలో లేదు. 1968 నుంచి దాదాపు ఎప్పుడూ తొమ్మిది విమానాలతోనే ఎగురుతూ, ఏటా కొందరు పైలట్లు పోయి కొత్తవాళ్లు వస్తున్నా ఆ డైమండ్ ఆకారాన్ని అలాగే నిలబెట్టుకోవడంలో ఉంది. ఒక్కో పైలట్ మూడేళ్లు ఉంటాడు. రిజర్వ్ పైలట్ ఉండడు, ఎందుకంటే ఒక్కో చోటు ఒక్కో విద్య, ఐదో నంబరువాడు వచ్చి తొమ్మిదో నంబరులో ఎగరలేడు. ఒకడికి జ్వరమొస్తే ఎనిమిదితో ఎగురుతారు. లీడర్‌కి జ్వరమొస్తే షోనే లేదు.

మన సూర్యకిరణ్‌కి ఆ వరస మధ్యలో తెగింది. అది నాకు ఇప్పటికీ బాధే. 2009లో హెచ్‌పీటీ-32 అనే మొదటి దశ ట్రైనర్‌ని ఆపేశారు. కొత్త పైలట్లకి నేర్పడానికి విమానాలు లేక కిరణ్‌లని అక్కడికి తీసుకున్నారు. 2011లో బెంగళూరు యలహంకలో జరిగిన ఏరో ఇండియా ఎయిర్ షో తర్వాత టీము ఆగిపోయింది. 2015లో హాక్‌లు కొన్నిటితో మళ్లీ మొదలుపెట్టి, మెల్లగా పెంచుకుంటూ తొమ్మిదికి వచ్చారు. నాలుగేళ్లు ఆగితే ఏమవుతుందంటే పక్కవాడికి నేర్పేవాడు ఉండడు. ఈ విద్య పుస్తకంలో రాదు, నిన్నటి నాలుగో నంబరువాడు ఇవాళ్టి నాలుగో నంబరువాడికి వెనక సీట్లో కూర్చుని చెప్తేనే వస్తుంది. అలాంటిది 2019 ఫిబ్రవరి 19న, ఏరో ఇండియాకి ఒక్కరోజు ముందు, యలహంకలో రెండు హాక్‌లు గాల్లో ఢీకొని వింగ్ కమాండర్ సాహిల్ గాంధీ చనిపోయారు. అంతకుముందు 2006లో, 2009లో బీదర్ దగ్గర కిరణ్‌లు కూలి పైలట్లు పోయారు. ఇవన్నీ దాటుకుని ఇవాళ మెరీనా మీద తొమ్మిది విమానాలు ఒక గీత తప్పకుండా పోతుంటే, వాటిని "వెనకబడినట్టేనా" అని అడిగితే నాకు మనసు ఒప్పుకోదు తమ్ముడూ. నువ్వు తెలియక అడిగావు, కోపం లేదు.

ఆకారాలు మార్చడంలో, ముఖ్యంగా గాల్లో తొమ్మిదీ కలిసి ఉండగానే ఒక ఆకారం నుంచి ఇంకో ఆకారంలోకి జారడంలో ఇవాళ్టికి రెడ్ ఆరోస్ కాస్త ముందున్నారనే చెప్తాను. జాగ్రత్తగా చూస్తే మనవాళ్ల మార్పులో ఒక్కోసారి అంచున ఉన్నవాడు రెండు క్షణాలు ఆలస్యంగా కుదురుకుంటాడు. ఇది తిట్టడం కాదు, ఆగిపోయిన ఆ నాలుగేళ్ల బాకీ ఇంకా తీరలేదంటున్నాను, అంతే.

ఇటలీ వాళ్లవి పది విమానాలు, తొమ్మిది కలిసి, ఒకటి సోలో. ఆ సోలోవాడి పని చూడదగ్గది. కానీ వాళ్ల పేరు చెప్పగానే 1988 ఆగస్టు 28 గుర్తొస్తుంది. జర్మనీలో రామ్‌స్టైన్‌లో మూడు విమానాలు గాల్లో ఢీకొన్నాయి. అందులో ఒకటి జనం మీద పడింది. పైలట్లు ముగ్గురితో కలిపి 70 మంది పోయారు. ఆ తర్వాత యూరప్‌లో నియమాలు గట్టిపడ్డాయి. జనం వైపు ముక్కు పెట్టి రావడం, జనం నెత్తి మీద విన్యాసాలు చెయ్యడం ఆపేశారు. నువ్వు మెరీనాలో "విమానాలన్నీ సముద్రం మీదే తిరిగాయి, మన మీదికి రాలేదు" అని కొంచెం నిరాశగా రాశావు చూడు, దాని వెనక ఉన్నది ఇదే. 2010 మార్చిలో మన బేగంపేటలో నేవీ టీము సాగర్ పవన్ విమానం ఇళ్ల మధ్య కూలి ఇద్దరు పైలట్లు పోయారు. నగరం నడిబొడ్డు కంటే సముద్రం మీద షో పెట్టడం ఎంత మేలో అర్థం చేసుకో.

రష్యన్ నైట్స్‌ని నేను 2013 ఏరో ఇండియాలో చూశాను, సుఖోయ్-27ల మీద వచ్చారు. ఒక్కో విమానం 22 మీటర్ల పొడవు. అంతంత విమానాలు డైమండ్‌లో రావడం చూస్తే కొండ కదిలినట్టుంటుంది. కానీ అయిపోయాక ఆలోచిస్తే నాకు గుర్తున్నది బరువు, చప్పుడు, నిప్పు. గీతలు గుర్తు లేవు. ఆ ఏడాది సూర్యకిరణ్ లేదు. అదే మైదానంలో మన సారంగ్ మాత్రం లేచింది. నిజం చెప్పాలంటే నేను సారంగ్ కోసమే మెడ నొప్పెట్టేదాకా చూశాను.

సారంగ్‌ని జనం తక్కువ చేస్తారు, హెలికాప్టర్ కదా, నెమ్మది కదా అని. 2003లో బెంగళూరులో మొదలై, 2004లో సింగపూర్‌లో మొదటి పబ్లిక్ షో చేసిన టీము అది. ధ్రువ్ మీద ఎగురుతారు, ఒంటి మీద నెమలి బొమ్మ. ధ్రువ్ రోటర్ 13.2 మీటర్ల వ్యాసం. జెట్ విమానానికి రెక్క కదలకుండా ఉంటుంది, పక్కవాడు దాన్ని చూసి దూరం కొలుచుకోవచ్చు. హెలికాప్టర్ రెక్క తిరుగుతూ కంటికి సరిగ్గా కనపడదు. పైగా ప్రతి హెలికాప్టర్ కిందికి గాలిని తోస్తూ ఉంటుంది, ఆ గాలిలో పక్కవాడు ఇరుక్కుంటే కుదుపే. ధ్రువ్ రోటర్‌లో మామూలు కీళ్లు లేవు, బ్లేడు సాగే గుణంతోనే వంగుతుంది. అందుకే స్టిక్ కదిపిన వెంటనే మాట వింటుంది. నెమలి బొమ్మలు ఎదురెదురుగా వచ్చి దాటుకునేది ఆ బలంతోనే. ఈ విభాగంలో ఎవరు బెస్ట్ అంటే నేను సారంగ్ అనే అంటాను, ఇంకో పేరు ఆలోచించను.

నువ్వు ఇంకొకటి రాశావు, "క్రాస్ చేసేటప్పుడు రెండు విమానాలూ సరిగ్గా మధ్యలో కలవలేదు, టైమింగ్ తప్పింది" అని. ఎక్కడ నిలబడ్డావు? బెసంట్ నగర్ వైపు ఉన్నానని చెప్పావు. అదీ విషయం. ఎదురెదురుగా వచ్చే జంట కలిసే చోటు ముఖ్య అతిథులు కూర్చున్న చోటికి ఎదురుగా ఉండేట్టు లెక్కేస్తారు. ఒక్కొక్కటి గంటకు 650 కిలోమీటర్లతో వస్తే ఇద్దరూ కలిసి సెకనుకు 360 మీటర్లు దగ్గరవుతున్నారు. అర సెకను తేడా వస్తే కలిసే చోటు మారిపోతుంది. నువ్వు పక్కకి మూడు నాలుగు కిలోమీటర్లు పోయి చూస్తే ఎంత గొప్పగా కలిసినా నీకు తప్పినట్టే కనపడుతుంది. వీడియోల్లో అది ఎప్పుడూ సరిగ్గా కుదరడానికి కారణం కెమెరావాడు నడిమధ్యలో ఉండటమే. పైగా పెద్ద జూమ్ లెన్సు దూరాన్ని మింగేస్తుంది, ఒకదాని వెనక ఒకటి ఎంత ఖాళీతో పోతున్నా రెండూ రాసుకున్నట్టు చూపిస్తుంది. కాబట్టి వీడియోలో బ్లూ ఏంజిల్స్‌ని, ఒడ్డు చివర నుంచి సూర్యకిరణ్‌ని పోల్చడం న్యాయం కాదు.

మబ్బు సంగతి కూడా చూసుకోవాలి. రెడ్ ఆరోస్ ప్రతి షోకీ మూడు రకాల ప్లాన్లు సిద్ధంగా పెట్టుకుంటారు. మబ్బు 4,500 అడుగుల కంటే పైన ఉంటే పూర్తి లూపులు, అంతకంటే కిందికి దిగితే రోల్స్, అంటే పక్కకి పొర్లడం, మాత్రమే, ఇంకా కిందికి దిగితే చదునుగా పోయి రావడం. మన కోస్తాలో అక్టోబరు, నవంబరు అంటే ఈశాన్య రుతుపవనాలు, తుఫాన్ల కాలం, నెల్లూరువాళ్లకి నేను చెప్పాలా? ఆ నెలల్లో ఎక్కడైనా షోకి వెళ్లి లూపులు లేకపోతే టీముకి చేతకాలేదని అనుకోవద్దు, పైకి చూడు, మబ్బు ఎక్కడుందో.

పొగ గురించి ఒక్క మాట. అది డీజిల్ లాంటి నూనె. వేడి ఎగ్జాస్ట్‌లోకి వదిలితే ఆవిరై, బయట గాలికి తెల్లగా పేరుకుంటుంది. రంగు కలిపితే రంగు పొగ. అందానికే అనుకుంటారు కానీ ఎదురుగా వచ్చేవాడికి నేను ఇక్కడున్నానని చూపించేది కూడా ఆ పొగే. ఇప్పుడు సూర్యకిరణ్‌కి మువ్వన్నెల పొగ వచ్చింది. గాలి ఎక్కువగా ఉన్న రోజు పొగ గీత వెంటనే చెదిరిపోతుంది, గుండె బొమ్మ వంకరగా వస్తుంది, దానికి మార్కులు తీసెయ్యకు.

ఈసారి వెళ్లేవాళ్లకి ఒక హెచ్చరిక, ఇది మనస్ఫూర్తిగా చెప్తున్నాను. మెరీనాలో ఆ రోజు 11 గంటలకి షో మొదలై 1 గంట దాకా నడిచింది, నడినెత్తిన ఎండ, లక్షల మంది, తాగడానికి నీళ్లు దొరకలేదు, రైళ్లలో కాలు పెట్టే చోటు లేదు. ఐదుగురు ప్రాణాలు పోయాయి. పెద్దవాళ్లనీ చిన్నపిల్లల్నీ తీసుకెళ్తే మనిషికి రెండు లీటర్ల నీళ్లు, గొడుగు, ఉప్పు కలిపిన మజ్జిగ ఇంటి నుంచే పట్టుకెళ్లండి. షో అయిపోగానే అందరితో పాటు స్టేషన్‌కి పరిగెత్తకుండా రెండు గంటలు ఎక్కడైనా నీడన కూర్చోండి.

తమ్ముడూ, నీకు నిజంగా పోల్చి చూడాలని ఉంటే యలహంకకి రా. ఏరో ఇండియా రెండేళ్లకోసారి, బేసి సంవత్సరాల్లో ఫిబ్రవరిలో జరుగుతుంది. అక్కడ ఆకాశం ఆ నెలలో పొడిగా ఉంటుంది, రన్‌వే ఎదురుగానే కూర్చోవచ్చు. ఫోన్ జేబులో పెట్టు. మొదటి షోలో లీడర్ని అస్సలు చూడకు, కుడి చివర ఉన్న ఒక్క విమానాన్ని పట్టుకుని, అది లేచిన దగ్గర్నుంచి దిగేదాకా దాన్నే చూడు. మధ్యాహ్నం మళ్లీ ఎగురుతారు, అప్పుడు ఎడమ చివరవాణ్ణి చూడు. ఆ తర్వాత ఇంటికొచ్చి అవే బ్లూ ఏంజిల్స్ వీడియోలు మళ్లీ పెట్టుకుని, నీకు ఎవరు నచ్చారో అప్పుడు నాకు రాయి.